తెలుగులో స్త్రీవాచకాలు: మన్నన, అమర్యాద

స్త్రీని పిలిచే మాటల్లో గానీ, స్త్రీని గురించి చెప్పే మాటల్లో గానీ ఏవి మన్ననను, ఏవి అమర్యాదను తెలుపుతాయన్నది తెలుగులో నిఘంటువు తిరగేసి తేల్చగల విషయం కాదు. ఈ భాషలో గౌరవాగౌరవాలు నామవాచకంలో కంటే దాని వెంట వచ్చే సర్వనామంలో, క్రియ చివర, పేరుకు చేరే అమ్మ, గారు వంటి చేర్పుల్లో, అన్నిటికీ మించి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న సంబంధంలో ఉంటాయి. 'ఏమే' అన్న పిలుపు ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్ళ మధ్య చనువుగా చెల్లుతుంది. అదే పిలుపు ఆసామి నోటి నుంచి కూలికి వచ్చిన మనిషి మీద పడితే పెత్తనమవుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా కృష్ణా డెల్టాలో, విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరుల మీదుగా మచిలీపట్నం చేరే బందరు రోడ్డు వెంబడి వినిపించే వాడుకను ఆధారం చేసుకొని, అవసరమైన చోట ఇతర ప్రాంతాల వాడుకతో పోల్చి చూస్తుంది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు అనుసరించే శిష్ట వ్యావహారికం చాలా వరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న వారి మాట నుంచి రూపొందినది కాబట్టి, ఈ ప్రాంతపు మర్యాద కొలతలే ఇతర ప్రాంతాల మాటల మీద తీర్పరులుగా నిలిచాయన్న సంగతి కూడా ఇక్కడ గుర్తించాలి.

వ్యాకరణంలో స్త్రీ స్థానం

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణం' పురుషులను తెలిపే మాటలను మహద్వాచకాలనీ, స్త్రీలను తెలిపే వాటిని మహతీవాచకాలనీ, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను తెలిపే వాటిని అమహద్వాచకాలనీ విభజించింది. ఇందులో మహతీవాచకాల నడక విచిత్రమైనది: అవి ఏకవచనంలో అమహత్తుల వెంట, బహువచనంలో మహత్తుల వెంట నడుస్తాయి. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, ఆవు వచ్చింది అన్నప్పుడు సీతా ఆవూ ఒకే క్రియారూపాన్ని పంచుకొంటాయి. మగవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి అన్నప్పుడు మాత్రం స్త్రీ మనుషుల పంక్తిలోకి చేరుతుంది. ఒంటరిగా ఉన్నంతసేపూ జడంతో సమానమైన స్త్రీ గుంపులో చేరితే గాని మనిషి కాదా అన్న ఆక్షేపణ స్త్రీవాద చర్చల్లో తరచు వినిపించేది ఇందువల్లనే.

ఈ ఆక్షేపణలో సగమే నిజమున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తల పునర్నిర్మాణం ప్రకారం, మూలద్రావిడంలోనే ఏకవచనంలో పురుషుడు ఒక వైపు, తక్కినవన్నీ మరొక వైపు ఉండేవి. తమిళంలోని 'అవళ్', కన్నడంలోని 'అవళు' వంటి ప్రత్యేక స్త్రీ సర్వనామాలు దక్షిణ శాఖలో తరువాత ఏర్పడినవి. గోండి, కొలామి వంటి భాషల్లోనైతే స్త్రీలు బహువచనంలో కూడా అమహత్తులతోనే కలుస్తారు. అంటే తెలుగు ఎవరో పనిగట్టుకొని స్త్రీని కించపరచగా ఏర్పడినది కాదు, పాత అమరికను సగం నిలుపుకొన్నది మాత్రమే. అయితే అమరిక ప్రాచీనమైనంత మాత్రాన నేటి వాడుక నిర్దోషమని చెప్పడానికి వీలులేదు. 'ఆమె', 'ఆవిడ' అన్న సర్వనామాలు చేతికి అందుబాటులో ఉన్నప్పుడు ఒక వయోజన స్త్రీని 'అది' అనడం వ్యాకరణం విధించినది కాదు, మాట్లాడే మనిషి ఎంచుకొన్నది.

సర్వనామాల మెట్లు

పురుషుడికి వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లుంటే, స్త్రీకి అది, ఆమె, ఆవిడ, వారు అని నాలుగు మెట్లున్నాయి. పైకి సమానంగా కనిపించే ఈ వరసల్లో అడుగుమెట్టు దగ్గరే తేడా మొదలవుతుంది. 'వాడు' ఎంత చులకనగా అన్నా మనిషినే చెబుతుంది. 'అది' స్త్రీనీ, గేదెనూ, కుర్చీనీ ఒక్క మాటతో చెబుతుంది. ప్రశ్నార్థకాలలో ఇది ఇంకా స్పష్టం: 'ఎవడు' అన్న మాట కొంత మోటుగానైనా మామూలు సంభాషణలో చెల్లుతుండగా, 'ఎవతె' అన్నది దాదాపు పూర్తిగా తగాదాల మాటగా మారిపోయింది.

మూడవ మెట్టు దగ్గర కూడా సమత్వం నిలవదు. ఆయన వచ్చారు అని బహువచన క్రియను వాడిన నోరే ఆవిడ వచ్చింది అని ఏకవచనంలోకి దిగడం డెల్టాలో సర్వసాధారణం. చదువుకున్న ఇళ్ళలో 'నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది' అన్న జంట వాక్యాలు ఏ మాత్రం ఎబ్బెట్టుగా వినిపించవు. పిల్లలు తండ్రిని మీరు అని, తల్లిని నువ్వు అని పిలుస్తారు. ఇది తల్లి పట్ల చనువే గాని చులకన కాదని అందరూ సమాధానం చెబుతారు. ఆ సమాధానం అబద్ధం కాదు, కానీ చనువు ఎప్పుడూ ఒకే పక్షానికి దక్కడం, దూరం ఎప్పుడూ మరో పక్షానికి దక్కడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. దంపతుల మధ్య 'ఏమండీ' అని ఆమె, 'ఏమే', 'ఏమోయ్' అని అతను పిలుచుకొనే అలవాటు కూడా ఈ అమరికకు చెందినదే. భర్త పేరును భార్య ఉచ్చరించకూడదన్న పాత నియమం చాలా ఇళ్ళలో సడలింది. ఈ తరం దంపతుల్లో పేర్లతో పిలుచుకొనేవారు, ఇరువైపులా 'నువ్వు' వాడేవారు పెరిగారు.

పత్రికల్లో ఈ మెట్లు సంపాదకుల విచక్షణకు లోబడి ఉంటాయి. మంత్రి, కలెక్టరు, రచయిత్రి 'అన్నారు', 'చెప్పారు'. పోలీసులకు ఫిర్యాదు చేసిన పేద స్త్రీ మాత్రం చాలాసార్లు 'చెప్పింది', 'వాపోయింది'. అదే వార్తలో ఆమెను 'వివాహిత' అని శీర్షికకెక్కించడం మరో అలవాటు. పురుషుడు ప్రమాదంలో మరణిస్తే రైతు, డ్రైవరు, ఉద్యోగి అవుతాడు; స్త్రీ వివాహితో, యువతో అవుతుంది.

ప్రాంతభేదాలను మర్యాదభేదాలుగా పొరబడడం మరొక చిక్కు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల 'ఆయమ్మ', తెలంగాణలోని 'పోరి', 'పొల్ల', ఉత్తరాంధ్రలోని 'గుంట' ఆయా ఊళ్ళలో ఇంటి స్త్రీల గురించి, పిల్లల గురించి మామూలుగా వాడే మాటలు. విజయవాడ చెవికి 'పోరి' మోటుగా తోచడానికి సినిమాల్లో ఆ మాటను అల్లరి పాత్రల చేత పలికించడం కొంత కారణం, డెల్టా మాటే మర్యాదైన తెలుగు అన్న ధీమా ఇంకొంత కారణం.

వరసలు పెట్టి పిలవడం

అపరిచిత స్త్రీని పిలవడానికి తెలుగులో అందరికీ చెల్లే ఒకే మర్యాదపదం లేదు. ఆ పనిని బంధువాచకాలు చేస్తాయి. కంకిపాడు కూరగాయల బజారులో వంకాయలు తూచే మనిషి ఒక్క గంటలో ఒకామెను అమ్మా అని, మరొకామెను అక్కా అని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకొని వచ్చిన ఉద్యోగినిని మేడమ్ అని, పెద్దావిడను మామ్మగారూ అని పిలుస్తాడు. వయసు, కట్టు, చదువు, కులం గురించి అతని అంచనాలన్నీ ఆ పిలుపుల్లోనే దొరికిపోతాయి.

ఈ వరసల్లో కొన్ని నిరపాయకరమైనవి, కొన్ని కావు. తెలుగువారి బంధుత్వ వ్యవస్థలో మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు పెళ్ళాడదగిన వారు. పినతల్లి, పెదతండ్రి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో సమానం. అందువల్ల పరాయి పురుషుడు ఒక స్త్రీని అక్కా, చెల్లెమ్మా, పిన్నిగారూ అంటే ఆ మాట తనంతట తానే ఒక హద్దు గీస్తుంది. మరదలా అంటే ఆ హద్దు చెరిగిపోతుంది. కాలేజీ ఆడపిల్ల వెనుక 'మరదలు పిల్లా' అని కూసిన కుర్రవాడు బూతు మాట ఒక్కటీ వాడకపోయినా అతని ఉద్దేశం బస్టాండులో ఉన్న అందరికీ తెలుస్తుంది. స్త్రీలు స్త్రీలను వదినగారూ అనడంలో మాత్రం మర్యాద, వేళాకోళం రెండూ ఇముడుతాయి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన 'ఆంటీ' మొదట్లో ఈ బంధువరసలన్నిటి బదులు వాడదగిన పట్నపు మర్యాదగా స్థిరపడింది. పిన్నా, అత్తా, పెద్దమ్మా అని తేల్చుకోనక్కరలేని సౌకర్యం దానికున్నది. తరువాత సినిమాలలో, ఇంటర్నెట్టులో దానికి వెకిలి అర్థం అంటుకోవడంతో, ముప్పై దాటిన స్త్రీలలో చాలామంది ఇప్పుడు ఆ పిలుపును వయసు మీద వేసిన ఎత్తిపొడుపుగా తీసుకొంటున్నారు. వృత్తుల విషయంలో 'అమ్మ' చేర్పు ఇంకా బలంగా ఉంది: డాక్టరమ్మ, పంతులమ్మ, నర్సమ్మ. ఇంటి పనికి వచ్చే స్త్రీ మాత్రం ఎంత వయసు వచ్చినా 'పనిమనిషి', 'పనమ్మాయి' స్థాయిని దాటదు.

రాజకీయ వేదికలు కూడా బంధువాచకాలనే ఎంచుకొన్నాయి. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు సభల్లో స్త్రీలను 'ఆడపడుచులు' అని సంబోధించేవారు; వై.ఎస్.జగన్‌మోహన్‌ రెడ్డి ప్రసంగాల్లో 'అక్కచెల్లెమ్మలు' తరచుగా వినిపిస్తుంది. ఆడపడుచు అంటే పుట్టింటి కూతురు, ఆ ఇంటి కోడలికి భర్త సోదరి. ఆ మాటలో ప్రేమతో పాటు, ఆమె చోటు ఏదో ఒక ఇంటి పురుషుడి ద్వారానే నిర్ణయమవుతుందన్న భావన కూడా దాగి ఉంది. రామారావు ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి 1986లో రాష్ట్ర సవరణ తెచ్చి, కూతురికి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు కల్పించింది కాబట్టి, అక్కడ ఆ మాట వట్టి సంబోధనగా మిగిలిపోలేదు.

కులం, పేరు

స్త్రీవాచకాల మర్యాదను కులం నుంచి విడదీసి చెప్పిన ఏ వివరణ అయినా అసంపూర్ణమే. డెల్టా పల్లెల్లో ఒక తరం కిందటి వరకు భూస్వామి ఇంటి స్త్రీ సుబ్బమ్మగారు, కాపు ఇంటి స్త్రీ సుబ్బమ్మ, మాలమాదిగ పేటల స్త్రీ 'సుబ్బి'. లక్ష్మి లచ్చిగా, వెంకమ్మ ఎంకిగా కుదించుకుపోవడం ఉచ్చారణ సౌలభ్యం వల్ల జరిగినది కాదు. అమ్మ అన్న చేర్పును ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఊరు నిర్ణయించేది. పిల్లలు సైతం వయసులో అమ్మమ్మంతటి కూలిమనిషిని 'ఒసే' అని పిలవగలిగేవారు, ఆమె మాత్రం వారిని 'అయ్యా', 'అమ్మగారూ' అనవలసి వచ్చేది. నండూరి సుబ్బారావు 1925 నాటి 'ఎంకి పాటలు' ఆ కుదింపు పేరునే నాయిక పేరుగా చేసి సాహిత్యంలో ముద్దుపేరుగా నిలబెట్టాయి. పాఠకులకు ఎంకి ముద్దయింది గాని, వరిచేలో ఎంకికి అమ్మ చేర్పు దక్కలేదు. ఈ తేడాను దళిత స్త్రీలు తమ గొంతుతో చెప్పడం సాహిత్యంలో ఆలస్యంగా బలపడింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' సంకలనం ఈ దారిలో ముఖ్యమైనది. అగ్రకుల స్త్రీని బాధించే మాట వేరు, తమను బాధించే మాట వేరు అన్నది ఈ రచయిత్రుల వాదంలో కీలకాంశం.

ఆడది, అబల, మహిళ

'ఆడది' అన్న మాటలో మూలతః నింద లేదు. ఆడు అంటే స్త్రీజాతికి చెందినదని అర్థం. పాత నిఘంటువులలో ఇది అరసున్నతో 'ఆఁడుది' అని కనిపిస్తుంది. ఆడపిల్ల అంటే 'ఈడ' పిల్ల కాదు, 'ఆడ' పిల్ల, అనగా అత్తవారింటి పిల్ల అని పెళ్ళి పందిళ్ళలో, ఉపన్యాసాలలో చెప్పే వ్యుత్పత్తికి శాస్త్రాధారం లేదు. అక్కడ అనే అర్థమిచ్చే ఆడకు, స్త్రీ అనే అర్థమిచ్చే ఆడుకు సంబంధం లేదని ఆ అరసున్నే సాక్ష్యం పలుకుతుంది. అయినా ఈ కల్పిత వ్యుత్పత్తి నిలిచిపోయింది, అది చెప్పే సామాజిక సత్యం జనానికి అనుభవమే కనుక. నేటి వాడుకలో 'ఆడవాళ్ళు' తటస్థం, 'ఆడమనిషి' దాదాపు తటస్థం, 'ఆడది' మాత్రం 'ఆడదానివి, నీకెందుకు' వంటి అదలింపుల్లోనే ఎక్కువగా బతుకుతున్నది. పురుషుణ్ణి కించపరచడానికి 'ఆడంగి' అనడం, గాజులు తొడుక్కోమనడం ఈ కోవలోవే. అక్కడ తిట్టు తగిలేది అతనికైనా తూకం వేసేది స్త్రీత్వాన్నే.

సంస్కృత పదమైతే మర్యాద దానంతట అదే వస్తుందన్న నమ్మకం తెలుగులో బలమైనది, పొరపాటైనది. నాటి కృష్ణా జిల్లాకు చెందిన భండారు అచ్చమాంబ (1874–1905) చరిత్రలోని విదుషీమణుల, వీరనారుల జీవితాలను సేకరించి 1901లో ప్రచురించిన గ్రంథం పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. స్త్రీలు స్వభావంచేతనే బలహీనులు, బుద్ధిహీనులు అన్న అభిప్రాయాన్ని ఖండించడం ఆ గ్రంథ లక్ష్యాలలో ఒకటి. అయినా బలం లేనిదని అర్థమిచ్చే అబల శబ్దమే ఆనాడు స్త్రీకి గ్రాంథిక మర్యాదపదంగా ఉండడంతో శీర్షికలో అదే కూర్చుంది. ఆమె ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902లో మచిలీపట్నంలో స్థాపించిన సంస్థ పేరులో మాత్రం సూటిగా స్త్రీ శబ్దమే ఉంది: బృందావన స్త్రీల సమాజం.

స్త్రీల పత్రికల పేర్లను వరుసగా చూస్తే కాలానుగుణంగా ఏ మాట మన్ననగా భావించబడిందో తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' నడిపారు. 1893లో 'తెలుగు జనానా', 1902లో 'హిందూ సుందరి', 1928లో మద్రాసు నుంచి కె.ఎన్.కేసరి 'గృహలక్ష్మి' వచ్చాయి. సతి, జనానా, సుందరి, గృహలక్ష్మి అనేవన్నీ మెచ్చుకోళ్ళే, కానీ ప్రతి మెచ్చుకోలూ ఒక షరతుతో కూడినది. దుర్గాబాయి పేరుతో ముడిపడిన ఆంధ్ర మహిళా సభ 1937లో మొదలైన నాటి నుంచి 'మహిళ' సంస్థల మాటగా, ఆపైన ప్రభుత్వపు మాటగా స్థిరపడింది. 1993లో మొదలైన స్త్రీవాద పత్రిక 'భూమిక' ఈ పదాలన్నిటినీ పక్కన పెట్టింది. ఇప్పుడు మహిళ అధికారిక మర్యాద. స్త్రీ సాహిత్యపు, శాస్త్రపు మాట. ఆడవాళ్ళు ఇంటి మాట.

దిగజారిన మాటలు

స్త్రీవాచకాలు కాలక్రమంలో కిందికి జారడం చాలా భాషలలో గమనించబడిన విషయమే. 1975లో రాబిన్ లేకాఫ్ ఇంగ్లీషులో స్త్రీల భాషాస్థితిపై రాసిన పుస్తకం తరువాత దీని మీద అధ్యయనాలు విస్తరించాయి. తెలుగులో ఇందుకు మంచి ఉదాహరణ 'సాని'. స్వామిని నుంచి వచ్చిన ఈ మాట కాకతీయుల కాలపు శాసనాలలో గౌరవనీయులైన స్త్రీల పేర్ల చివర కనిపిస్తుంది. దొరసానిలో ఆ గౌరవం ఇంకా మిగిలే ఉంది. విడిగా సాని అంటే మాత్రం వేశ్య అన్న అర్థమే నిలిచింది. విధవ అన్న సంస్కృత పదం 'వెధవ'గా మారి పురుషులను తిట్టే మాటయింది. తలగొరిగిన స్థితిని చెప్పే 'ముండ' వితంతువుకు పేరై, ఆపైన ఏ స్త్రీనైనా తిట్టే తిట్టయింది. భర్త చావును స్త్రీ నేరంగా చూసిన సమాజంలో ఆ స్థితి పేరు తిట్టుగా మారడం ఆశ్చర్యం కాదు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన తరువాత కూడా శుభలేఖల్లో వధువు చి.ల.సౌ., అనగా చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, వితంతువు గం.భా., అనగా గంగాభాగీరథీ సమానురాలు. నదితో పోల్చిన ఈ రెండవ బిరుదు ఎంత పవిత్రంగా ధ్వనించినా ఆమెను ముత్తైదువుల వరస నుంచి తప్పించడమే దాని పని.

ఈ విషయంలో తెలుగు సాహిత్యం చూసిన అతిపెద్ద వివాదం ముద్దుపళని 'రాధికా సాంత్వనము' చుట్టూ నడిచింది. పద్దెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ఈ కవయిత్రిని వీరేశలింగం తన కవుల చరిత్రలో వేశ్యగా పేర్కొని, ఆమె కావ్యంలో స్త్రీలు వినరాని, పలకరాని భాగాలున్నాయని ఆక్షేపించారు. అంతకుముందు వచ్చిన ముద్రణలో ఆమె తన వంశాన్ని గురించి సగర్వంగా చెప్పుకొన్న పీఠికాపద్యాలు తొలగిపోయాయి. తానూ దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ పాత ప్రతి సంపాదించి, పూర్తి కావ్యాన్ని 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురించి, అంతకంటే పచ్చి శృంగారం రాసిన పురుష కవులకు లేని నిషేధం ముద్దుపళనికి ఎందుకని ప్రశ్నించారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు తొలగింది. ఇక్కడ 'వేశ్య' అన్న మాట ఒక వృత్తిని తెలిపే వాస్తవమే కావచ్చు, కానీ విమర్శలో అది కవిత్వాన్ని కొట్టివేసే తీర్పుగా పనిచేసింది. ఆ కులపు స్త్రీలు కళావంతులు అన్న పేరును, తరువాత సూర్యబలిజ అన్న పేరును ఎంచుకోవడం ఈ తీర్పు నుంచి తప్పించుకొనే మార్గమే.

'వేశ్య' అన్న మాట బరువు తగ్గలేదని 2025 జూన్‌లో కృష్ణకు అవతలి ఒడ్డున రుజువైంది. ఒక టీవీ చర్చలో అమరావతిని వేశ్యల రాజధాని అన్న అర్థంలో మాట్లాడినందుకు ఆ ప్రాంత స్త్రీలు నిరసనలకు దిగారు, అరెస్టులు జరిగాయి, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బూతు కాని తత్సమ పదం ఒక ఊరి స్త్రీలందరినీ గాయపరచిన సందర్భమిది.

మనిషి పేరే తిట్టుగా మారిన విచిత్రం కూడా ఉన్నది. 'గుండమ్మ కథ' (1962) వంటి చిత్రాలలో గయ్యాళి అత్త పాత్రలను అద్భుతంగా పోషించిన నటి సూర్యకాంతం పేరు నోటి దురుసు ఉన్న స్త్రీకి సామాన్య నామమైపోయింది. అంతే ప్రతిభతో దుష్టపాత్రలు వేసిన పురుష నటుల పేర్లకు ఈ గతి ఇంతగా పట్టలేదు.

చట్టం, కార్యాలయం

మాటతో స్త్రీ మర్యాదకు భంగం కలిగించడం భారత శిక్షాస్మృతి 509వ సెక్షను కింద నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను ఆ స్థానంలోకి వచ్చింది. ఏ మాట నేరమో ఈ సెక్షను జాబితా ఇవ్వదు. ఉద్దేశం, సందర్భం చూసి న్యాయస్థానం నిర్ణయించాలి. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం (1989) 2015 సవరణ తరువాత, బహిరంగంగా కులం పేరుతో దూషించడంతో పాటు ఆ వర్గాల స్త్రీల పట్ల లైంగిక స్వభావం గల మాటలను కూడా విడిగా నేరంగా పేర్కొన్నది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో వెలువరించిన కరదీపిక న్యాయమూర్తులు తీర్పుల్లో విడిచిపెట్టవలసిన మాటలను, వాటి బదులు వాడదగిన మాటలను పట్టికగా ఇచ్చింది. అది ఇంగ్లీషు పదాలకు చేసిన కసరత్తు. క్రియాంతంలోనూ సర్వనామంలోనూ అమర్యాదను దాచుకొనే తెలుగుకు పదాల పట్టిక ఒక్కటే చాలదు. పోలీసుస్టేషనులో ఫిర్యాదురాలిని 'చెప్పు' అంటున్నారా, 'చెప్పండి' అంటున్నారా అన్నది ఏ పట్టికకూ అందదు.

పదవుల పేర్ల చర్చ వేరే రకం. రచయిత్రి, అధ్యక్షురాలు, సంపాదకురాలు వంటి స్త్రీరూపాలు తెలుగులో సహజంగా చెల్లుతాయి. కొందరు రచయిత్రులు మాత్రం రచయిత అన్న మాటే తమకూ చాలునంటారు. రాష్ట్రపతి అన్న మాటలో పతి ఉన్నా అది పదవి పేరే కాబట్టి మార్చనక్కరలేదన్నది స్థిరపడిన వాడుక. 2022 జూలైలో ఒక పార్లమెంటు సభ్యుడు ద్రౌపది ముర్మును ఉద్దేశించి 'రాష్ట్రపత్ని' అన్నప్పుడు లోక్‌సభ దద్దరిల్లింది, ఆయన క్షమాపణ చెప్పుకొన్నారు. ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి శాసనాలలో రుద్రదేవ మహారాజుగా కనిపించడం ఈ ప్రశ్నకు పదమూడవ శతాబ్ది ఇచ్చిన జవాబు. పెళ్ళయిందో లేదో చెప్పక తప్పని శ్రీమతి, కుమారి అన్న విభజన తెలుగు దరఖాస్తు ఫారాల్లో ఇప్పటికీ ఉంది. జర్మనీ 1972లో, ఫ్రాన్సు 2012లో ప్రభుత్వ పత్రాల నుంచి అవివాహితను విడిగా చూపే పదాలను తొలగించాయి. తెలుగులో పురుషుడికి వివాహంతో నిమిత్తం లేకుండా 'శ్రీ' ఉన్నట్టుగా స్త్రీకి అలాంటి చిన్న మాట ఇంకా కుదరలేదు; అందువల్ల పేరు చివర 'గారు' చేర్చడమే కార్యాలయాలలో ప్రస్తుతానికి నడుస్తున్న పద్ధతి.